అమ్మ దాటబోయిన రోడ్డు

ప్రియమైన నాన్నకి,

ఫలితాలు వచ్చిన రోజు ఫోన్లో నువ్వు "మంచిదమ్మా" అన్నావు. నేను "ఊఁ" అన్నాను. ఆ తర్వాత ఇద్దరం వాన గురించి మాట్లాడుకుని పెట్టేశాం. మన ఫోన్ల సంగతి ఎప్పుడూ ఇంతే కదా. అందుకే కాగితం తీశాను. కాగితం మీదైతే నువ్వు కాస్త మనిషిలా మాట్లాడతావు.

అసలు విషయం: వైద్య కాలేజీలకి ఐదింటికి మించి దరఖాస్తు పెట్టనివ్వరు. నేనూ అత్తయ్యా పొద్దుట్నుంచీ ఇదే పని మీద ఉన్నాం. వాటి అసలు పేర్లు మూరెడేసి పొడుగున్నాయని మేమే వేరే పేర్లు పెట్టుకున్నాం. నువ్వున్న ఊళ్ళోది గడియారం కాలేజీ. మన ఇంటి నుంచి సైకిలు మీద పోవచ్చు. అత్తయ్య ఇంటికి దగ్గర్లోది వంతెన కాలేజీ. ఆ తర్వాత పాత కాలేజీ, కొత్త కాలేజీ. అన్నిటికన్నా దూరం కొండ కాలేజీ. రైల్లో ఒక పగలంతా పడుతుంది. కానీ దానికి ఆనుకునే పెద్ద మానసిక వైద్యశాల ఉంది. మనోవైద్యం అక్కడ నేర్పినట్టు ఇంకెక్కడా నేర్పరట. నాకైతే మొదట అదే పెట్టాలనుంది.

కర్టెన్లు కుట్టీ కుట్టీ అత్తయ్యకి లోకమంతా గుడ్డలాగే కనిపిస్తోంది. "కాలేజీ అయినా అంతేనే, ఉతికితే రంగు పోకూడదు, పది కాలాలు మన్నాలి" అంటుంది. నిన్న ఆమె గుండుసూదుల డబ్బా నా కాలు తగిలి గదంతా చిమ్మింది. "మార్కులొచ్చేసరికి కళ్ళు నెత్తికెక్కాయా?" అని తిట్టింది, తర్వాత ఇద్దరం నేల మీద కూర్చుని అయస్కాంతం పెట్టి ఏరుకున్నాం.

ఐదింటినీ ఏ వరసలో పెట్టాలో నీ మాట కావాలి. వాన గురించి రాయకు.

నీ గువ్వ

* * *

నా గువ్వకి,

ఉత్తరం చేరింది. పనికి వెళ్తూ చొక్కా జేబులో పెట్టుకుని ఒక ఆఫీసు లిఫ్టు పైకప్పు మీద కూర్చుని చదివాను. అంత ప్రశాంతమైన చోటు ఈ ఊళ్ళో ఇంకోటి లేదు. ఈ వారం ఒక వకీలు రెండు అంతస్తుల మధ్య ఇరుక్కుపోయాడు. నేను తలుపు తెరిచేదాకా లోపల్నుంచి నా మీదా, కంపెనీ మీదా, ఆ లిఫ్టు మీదా కేసులు వేస్తూనే ఉన్నాడు. బయటికి లాగగానే కావలించుకుని వదల్లేదు. నా చేతుల గ్రీజంతా ఆయన కోటుకే.

కాలేజీల సంగతి. గడియారం కాలేజీ మొదట పెట్టు. ఆసుపత్రి పెద్దది, దాని లిఫ్టులు నేను చూసేవే. మధ్యాహ్నం ఇంటికొచ్చి తిని వెళ్ళొచ్చు. రెండోది వంతెన కాలేజీ, అత్తయ్య ఉంటుంది. మిగతావి నీ ఇష్టం. కొండ కాలేజీ మాత్రం ఎందుకు తల్లీ? అక్కడ చలి. నీకు ఫ్యాను గాలికే జలుబు చేస్తుంది.

ఇంకో మాట. ఎముకల డాక్టరువైతే నీ పనికీ నా పనికీ చుట్టరికం కలుస్తుంది. విరిగింది కళ్ళకి కనిపిస్తుంది, సరిగ్గా బిగిస్తే నిలబడుతుంది. చేతికందని జబ్బుల జోలికి పోవడం ఎందుకు?

అత్తయ్యని కుట్టుమిషను కొంచెం ఆపి నడుం వాల్చమను. చెప్తే వినదు, అయినా చెప్పు.

నాన్న

* * *

ప్రియమైన నాన్నకి,

చలి ఉంటే స్వెట్టరు వేసుకుంటారు, కాలేజీ మానుకోరు. ఇంతకన్నా మంచి సాకు వెతుక్కో.

వంతెన కాలేజీ, పాత కాలేజీ చూసొచ్చాను. వంతెన కాలేజీలో ఒక సీనియరు అక్క శరీర నిర్మాణం చెప్పే హాలు తిప్పి చూపించింది. ఒక గాజు పెట్టెలో చేతి నరాలన్నీ విడదీసి పెట్టారు, తెల్లటి నూలు పోగుల్లా. చాలాసేపు అక్కణ్ణుంచి కదల్లేకపోయాను. పాత కాలేజీలో పాఠాలు చెప్పే గది సినిమా హాలులా మెట్లు మెట్లుగా ఉంది. బొమ్మలు చూపించడానికి దీపాలు ఆర్పారు. నేను బయటికి రాబోయి ఒక మెట్టు ఉందనుకోక ముందుకు పడ్డాను. మోకాలు చెక్కుకుపోయింది. "డాక్టరు అవ్వకముందే పేషెంటయ్యావు" అని అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. బయట ఇంకో గొడవ. పక్కనుంచి వస్తున్న సైకిలుకి అడ్డం వెళ్ళానట. పాపం, ఆ పెద్దాయన కింద పడ్డాడు. "ఇంత పక్కన వస్తుంటే చూడవేం, పిల్లా, ఏ లోకంలో ఉన్నావు?" అన్నాడు. నిజమే. ఈ మధ్య నేను ఏ లోకంలో ఉంటున్నానో నాకే తెలీడం లేదు.

ఇప్పుడు అసలు మాట. నువ్వు ఎముకలంటూ ఎందుకు తప్పించుకుంటున్నావో నాకు తెలుసు. నేను మనసు డాక్టరు అవ్వాలనుకునేది ఎందుకో నీకూ తెలుసు. పదకొండేళ్ళుగా ఇద్దరం తెలియనట్టు నటిస్తున్నాం.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఇంట్లో లెక్కలు చేసుకుంటున్నాను. పొద్దు వాలిపోయింది. అమ్మ ఎదురుగా ఉన్న కొట్టుకని వెళ్ళింది. రోడ్డు మీద పెద్ద చప్పుడైంది, తర్వాత జనం. నువ్వు పని మీంచి పరుగెత్తుకొచ్చి నాతో "ప్రమాదం జరిగింది" అన్నావు. కానీ మర్నాడు పై వాటా ఆవిడ మెట్ల మీద ఎవరితోనో అంటుంటే విన్నాను. "తనే వెళ్ళి లారీ కింద పడిందట. చాన్నాళ్ళుగా మనసు బాగోలేదుగా, పాపం." లారీ డ్రైవరు కూడా పోలీసులతో అదే చెప్పాడని తర్వాత తెలిసింది. "లైట్లు వేసుకునే వస్తున్నానయ్యా. ఇంత బండి కనబడకపోవడమేంటి? తల కూడా తిప్పకుండా నేరుగా నడిచొచ్చేసింది" అన్నాడట.

అమ్మకి ఏమైందో నాకు తెలియాలి నాన్నా. తొమ్మిదేళ్ళ పిల్లని లెక్కల దగ్గర వదిలేసి అలా నడిచి వెళ్ళిపోయేంత బాధ ఏమిటో తెలియాలి. అది చెప్పే చదువు కొండ మీద ఉంటే కొండ ఎక్కుతాను.

నీ గువ్వ

* * *

తల్లీ,

నీ ఉత్తరం చదివి మూడుసార్లు జవాబు మొదలుపెట్టి చించేశాను. ఈసారి చించకుండా పోస్టు చేస్తాను.

మీ అమ్మ గురించి అడిగావు. చెప్తాను. మొదట సాయంత్రాలు బయటికి రావడం మానేసింది. సినిమాకి పోదామంటే తలనొప్పి అనేది. వీధిలో ఎవరైనా పక్కన నిలబడి పలకరిస్తే పలికేది కాదు. పొగరనుకున్నారు. తలుపు చెక్కలకి భుజాలు కొట్టుకునేది, ఎప్పుడూ ఎక్కడో ఒక చోట కమిలి ఉండేది. ఊళ్ళో వాళ్ళు నన్ను అదోలా చూసేవాళ్ళు, నేనే కొడుతున్నానేమో అని. ఒకరోజు నువ్వు పక్కనే ఉన్నావని చూసుకోక కాగే టీ నీ చేతి మీద ఒలకబోసింది. అప్పట్నుంచి నిన్ను దగ్గరికి తీసుకోవడానికే భయపడేది. "నాకేదో అవుతోందండీ, చుట్టూ అంతా దగ్గరికొచ్చేస్తోంది, నా మీదకి మూసుకొస్తోంది" అని ఏడ్చేది. అలా అనే మనిషిని ఏం చేస్తాం? మనసు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. మందులిచ్చాడు. మందులకి పగలంతా మగతగా ఉండేది. అంతే. ఆ తర్వాతది నీకు తెలిసిందే.

నువ్వు గుండుసూదులు తన్నేశావని రాసినప్పుడు నవ్వుకున్నాను. మెట్ల మీద పడ్డావనీ, సైకిలుకి అడ్డం వెళ్ళావనీ, ఏ లోకంలో ఉంటున్నావో నీకే తెలీడం లేదనీ చదివినప్పుడు పని ఆపేసి ఇంటికొచ్చేశాను. ఇవన్నీ నేను ఒకసారి చూశాను, గువ్వా. ఇదే వరసలో చూశాను.

కోప్పడకు. ఈ ఏడాది దరఖాస్తులు ఆపెయ్. ఇంటికొచ్చెయ్. ఇక్కడ ఒక మంచి డాక్టరున్నాడు, మనసుకి సంబంధించినవాడు. పక్కన నేను కూర్చుంటాను. మొదట్లోనే చూపిస్తే నయమవుతుందంటున్నారు. నిన్ను కూడా పోగొట్టుకునే ఓపిక నాకు లేదు.

నాన్న

* * *

నాన్నా,

నేను అమ్మని కాదు. నాకు పిచ్చి లేదు.

చదువు ఒత్తిడిలో కాలు జారి పడ్డ ప్రతి పిల్లనీ మందుల్లో ముంచేస్తే ఈ ఊళ్ళో ఒక్కరూ మెలకువగా ఉండరు. నువ్వు నన్ను చూసి ఏడాదైంది. ఉత్తరాల్లో నేను సరదాకి రాసిన నాలుగు ముక్కలు ఏరుకుని, పక్కపక్కన పేర్చి, నాకు జబ్బు అంటగట్టావు. నీతో నవ్వుతూ చెప్పుకోవడానికి కూడా ఇక భయపడాలా?

ఐదు కాలేజీలకీ దరఖాస్తులు పంపేశాను. కొండ కాలేజీ మొదట పెట్టాను. గడియారం కాలేజీ ఆఖర్న పెట్టాను, అది కూడా అత్తయ్య బతిమాలితేనే.

కొన్నాళ్ళు ఉత్తరాలు వద్దు.

నీ కూతురు

* * *

నా గువ్వకి,

వద్దన్నావు, అయినా రాస్తున్నాను. ఇంతకుముందు రాసిన రెండిటికీ జవాబు లేదు. చదవకుండా పక్కన పెట్టినా పర్లేదు, తిప్పి పంపకపోతే చాలు.

అత్తయ్య ఫోన్ చేసింది. కొండ కాలేజీ వాళ్ళు ఇంటర్వ్యూకి పిలిచారటగా. ఐదింటిలో ముందుగా పిలిచింది వాళ్ళేనట. ఒక్కదానివే వెళ్తానన్నావట. వెళ్ళు. నేను అడ్డం రాను. నీ మీద నమ్మకం లేక కాదు తల్లీ అలా రాసింది. ఒకసారి దెబ్బ తిన్నవాడికి తాడు చూసినా పామనిపిస్తుంది.

పెట్టెలో ఉన్ని టోపీ, మేజోళ్ళు పంపుతున్నాను. టోపీ రంగు బాగోలేదు, నాకూ తెలుసు. కొట్టువాడి దగ్గర అదొక్కటే మిగిలింది. చెవుల మీదకి లాక్కో.

నిన్న పని మీద గడియారం కాలేజీ ఆసుపత్రికి వెళ్ళాను. తెల్లకోట్ల పిల్లలు లిఫ్టెక్కి ఒకటే వాగుడు. రేపు కొండ మీద నువ్వెలా ఉంటావో అనుకుంటూ వాళ్ళని చూశాను. బాగానే ఉంటావనిపించింది.

ఇంటర్వ్యూ అయ్యాక ఒక్క ముక్క రాయి. "అయింది" అని రాసినా చాలు.

నాన్న

* * *

ప్రియమైన నాన్నకి,

ఇంటర్వ్యూ అయి నెల కావస్తోంది. ఒక్క ముక్క చాలన్నావు, అదీ రాయలేకపోయాను. అత్తయ్యకి కూడా నిన్ననే చెప్పాను. ఆమె మిషను ఆపి నా పక్కన కూర్చుంది, చీకటి పడేదాకా లేవలేదు.

మొదట్నుంచీ చెప్తాను. ఇంటర్వ్యూ బాగా జరిగింది. ముగ్గురు పెద్ద డాక్టర్లు కూర్చున్నారు. మనోవైద్యమే ఎందుకు అని అడిగితే అమ్మ గురించి ఉన్నదున్నట్టు చెప్పాను. మధ్యలో కూర్చున్న పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నీలాంటివాళ్ళు కావాలమ్మా మాకు. ఆరోగ్య పరీక్ష ఒక్కటి ముగించుకో, సీటు నీదే అనుకో" అన్నాడు. ఆ వరండాలో ఎగరకుండా నడవడం ఎంత కష్టమైందో నీకు చెప్పలేను.

ఆరోగ్య పరీక్షలో రక్తం తీశారు, గుండె విన్నారు, చివర్లో కళ్ళు. గోడ మీద అక్షరాలు ఆఖరి వరస దాకా గడగడా చదివేశాను. తర్వాత ఒక నర్సు మసగ్గా ఉన్న గదిలోకి రమ్మంది. గుమ్మం పక్కనే ఉన్న కుర్చీని గుద్దుకుని పడబోయాను. ఆమె నన్నోసారి తేరిపార చూసి, పెద్ద డాక్టరమ్మని పిలిచింది.

తెల్లటి గిన్నెలాంటి ఒక మిషను ముందు కూర్చోబెట్టారు. మధ్యలో చుక్క వైపే చూస్తూ ఉండాలి. చుట్టుపక్కల ఎక్కడైనా చిన్న వెలుగు కనబడితే చేతిలో మీట నొక్కాలి. నేను మీట పట్టుకుని కూర్చున్నాను. ఒకటో రెండో నొక్కాను. తర్వాత ఎంతసేపు చూసినా ఏమీ రాలేదు. "ఇది పాడైనట్టుంది, చూడండి" అన్నాను నర్సుతో. వెలుగులు వస్తూనే ఉన్నాయట నాన్నా. నాకే కనబడలేదు.

డాక్టరమ్మ చాలా నెమ్మదిగా చెప్పింది. కంటి వెనక పొర అంచుల్నుంచి చచ్చిపోతూ వస్తోందట. మధ్య చూపు బాగానే ఉంటుందట. చదవొచ్చు, సూదిలో దారం ఎక్కించొచ్చు, అందుకే ఎవరూ కంటిని అనుమానించరట. పక్కల చూపు మాత్రం కొంచెం కొంచెంగా మూసుకుపోయి, ఒక గొట్టంలోంచి చూస్తున్నట్టు అవుతుందట. పొద్దు వాలితే ఆ గొట్టం కూడా పనిచేయదట. పోయిన చూపు తెచ్చే మందు లేదు, చేసే ఆపరేషన్ లేదు.

"ఇది తరచుగా వంశంలో వస్తుందమ్మా. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అని అడిగింది.

"లేదండీ" అన్నాను.

"సాయంత్రాలు బయటికి వెళ్ళడానికి భయపడేవాళ్ళు? పక్కన మనిషి ఉన్నా గమనించనివాళ్ళు? అస్తమానం తలుపులకి కొట్టుకునేవాళ్ళు?"

నాన్నా, ఆమె నీ ఉత్తరం చదువుతోందేమో అనిపించింది. ఒక్కొక్కటే, నువ్వు రాసిన వరసలోనే. చివరికి "మా అమ్మ" అన్నాను. "చుట్టూ అంతా దగ్గరికొచ్చేస్తోంది, మూసుకొస్తోంది అనేదట" అన్నాను. డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఆవిడ ఉన్నమాటే చెప్పారమ్మా" అంది.

ఉన్నమాటే చెప్పింది అమ్మ. తనకి కనబడుతున్నది కనబడుతున్నట్టు చెప్పింది. మనందరం అది బాధలో అన్న మాటనుకున్నాం. అమ్మకి మనసు బాగానే ఉంది. చూపు పోతోంటే ఎవరికైనా ఎంత భయం వేస్తుందో అంతే భయపడింది. ఆ సాయంత్రం తల తిప్పి చూడకపోవడానికి కారణం చావాలని కాదు. తనకి దారి ఖాళీగానే ఉంది. ఎన్ని బళ్ళ చప్పుళ్ళలో ఆ లారీ చప్పుడు కలిసిపోయిందో. నన్ను వదిలేసి వెళ్ళిపోలేదు నాన్నా. రోడ్డు దాటుతోంది, అంతే.

నువ్వు నాలో అమ్మని చూశావు. సరిగ్గానే చూశావు. నేను నీ మీద అరిచాను.

కాలేజీ సంగతి. కొండ కాలేజీ నుంచి మర్యాదగా ఒక జవాబు వచ్చింది. కంటి పరీక్ష నెగ్గనివాళ్ళని తీసుకోవడానికి నిబంధన ఒప్పుకోదట. ఆ పెద్దాయన కింద తన చేత్తో "చాలా విచారిస్తున్నాను" అని రాశాడు. మిగతా నాలుగింటికీ అదే నిబంధన. అన్నిటికీ నేనే రాసి దరఖాస్తులు వెనక్కి తీసుకున్నాను. గడియారం కాలేజీకి మాత్రం అన్నిటికన్నా ఆఖర్న రాశాను. మధ్యాహ్నం ఇంటికొచ్చి తినొచ్చని రాశావు కదా.

అమ్మ కోసం ఏడుస్తున్నానో నా కోసం ఏడుస్తున్నానో తెలీడం లేదు. ఇప్పుడు రెండూ ఒకటే అయిపోయాయి.

నీ గువ్వ

* * *

నా బంగారు తల్లికి,

శనివారం పొద్దున బండికి వస్తున్నాను. కంపెనీకి సెలవు రాసిచ్చాను. ఎన్నాళ్ళు అని అడిగితే తెలీదన్నాను. ఈ ఉత్తరం నాకంటే ఒకరోజు ముందు చేరుతుంది. ఎదురుగా కూర్చుంటే మళ్ళీ నాకు మాటలు రావు, అందుకే ముందు రాసి పంపుతున్నాను.

ఏడవకు అని చెప్పను. ఇంకో చదువు చదువుకోవచ్చు, లోకంలో దారులు చాలా ఉన్నాయి అని అత్తయ్య చెప్పమంది. ఉన్నాయేమో. అది నేను ఇప్పుడు చెప్పను. నువ్వు కోరుకున్నది ఇది. ఇది పోయింది. దాని ముందు కాసేపు ఊరికే కూర్చోవాలి. నీ పక్కన కూర్చోవడానికే వస్తున్నాను.

ఒక్కటి మాత్రం ఎదురుగా చెప్పలేను. మీ అమ్మ మీద నాకు కోపం ఉండేది, తల్లీ. నాతో ఒక్క మాట చెప్పకుండా, నిన్ను నాకు వదిలేసి పోయిందని ఇన్నేళ్ళూ కోపం. ఆమె ఫొటో ముందు నిలబడేవాణ్ణి కాదు. నీతో ఆమె మాట ఎత్తకపోవడం నిన్ను కాపాడటానికి అనుకున్నావేమో, సగం కోపంతోనే. తీసుకెళ్ళాల్సిన డాక్టరు ఒకరు, నేను తీసుకెళ్ళింది ఇంకొకరి దగ్గరికి. ఆ బాధ నాకు తీరేది కాదు, నువ్వు తీర్చాలని చూడకు.

ఆ రోజు పోలీసులు ఆమె సంచి నాకిచ్చారు. అందులో గుడ్లున్నాయి, అన్నీ పగిలిపోయి. చచ్చిపోదామని వెళ్ళిన మనిషి గుడ్లెందుకు కొంటుందని నాకు ఒక్కసారి కూడా తోచలేదు. తోచినా, మతిలేని మనిషి ఏం చేస్తుందో ఎవరికి తెలుసులే అని అణిచేసుకుని ఉంటాను.

నీ ఉత్తరం వచ్చిన సాయంత్రం కిందికి దిగి రోడ్డు దాటి ఆ కొట్టు వైపు వెళ్ళాను. దీపాలు పెట్టే వేళ. ఆమె నిలబడిన చోటే నిలబడ్డాను. రెండు గుప్పిళ్ళూ గొట్టాల్లా చుట్టి కళ్ళకి ఆనించుకున్నాను. జనం నన్ను చూస్తున్నారు, చూసుకోనీ. లారీలు కనబడలేదు. బస్సులు కనబడలేదు. రోడ్డే కనబడలేదు. ఎదురుగా పైన మన ఇంటి కిటికీ ఒక్కటి కనబడింది. వచ్చేటప్పుడు దీపం ఆర్పలేదు, అందుకని వెలుగుతోంది.

ఆ రోజు ఆ గదిలో దీపం వేసుకుని లెక్కలు చేసుకుంటున్నది నువ్వు. ఆమెకి కనబడింది అంతే. దాన్నే చూస్తూ నడిచింది.

ఇంటికే వస్తోంది, గువ్వా. మీ అమ్మ ఇంటికే వస్తోంది.

నాన్న